చీమలు రాని తీపి

ఒకాషి అనే మాట నాకు పుస్తకంలో దొరకలేదు, బాత్రూములో దొరికింది.

కోలారు దగ్గరి నరసాపురంలో మోటారుబళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీకి జపాను నుంచి ఇంజినీర్లు వస్తుండేవాళ్ళు. వాళ్ళుండే గెస్ట్ హౌసులో నేను గదులు సర్దే పని చేసేదాన్ని. కొత్తగా దిగిన ఒక పెద్దమనిషి గదిలో, కిటికీ పక్క బల్ల మీద, చిన్న పింగాణీ పళ్ళెంలో రెండు తెల్లటి తామరపువ్వులు కనిపించాయి. నిజం పువ్వులు కావు, అచ్చులో ఒత్తి తీసినవి. పెద్ద హోటళ్ళలో ఇలాంటి సబ్బులు పెడతారని విన్నాను కాబట్టి తీసుకెళ్ళి వాష్‌బేసిన్ పక్కన అందంగా అమర్చాను. పని తెలిసినదాన్నని నా మీద నాకు కాస్త గర్వం కూడా. ఆ రోజు ఆయన ఒంట్లో బాగాలేక మధ్యాహ్నమే వచ్చేశాడు. పువ్వుల్ని రెండు అరచేతుల్లోకి తీసుకుని మళ్ళీ పళ్ళెంలో పెట్టి, నా వైపు తిరిగి, “ఒకాషి” అన్నాడు. అర్థం కాలేదేమో అని వేళ్ళు నోటి దగ్గర పెట్టి చూపించాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. అప్పుడు చూశాను, పళ్ళేనికి వెనక ఒక ఆడమనిషి ఫోటో ఉంది.

ఆవిడ ఆయన భార్య. పోయి చాలా కాలమైందట.

తెల్లదొరలు నడిపిన బంగారు గనుల ఊళ్ళో పుట్టినదాన్ని, ఇంగ్లీషు ముక్కలు నాకు నోటికొస్తాయి. సారు ఇంగ్లీషు నాకంటే అన్యాయం. ఇద్దరం కలిసి ఆ భాషను చిత్రహింస పెడుతూ ఎలాగో మాట్లాడుకునేవాళ్ళం. ఒకాషి అంటే ఫలానా మిఠాయి పేరు అనుకున్నాను మొదట. కాదు. ఆకలి కోసం కాకుండా ఊరికే తినేది ఏదైనా ఒకాషే. వంటాయన చేసిన మైసూరుపాకు చూపిస్తే ఒకాషి అన్నాడు. బిస్కెట్టూ అదే, పిల్లలు నమిలే చిప్సు పొట్లమూ అదే. ఇడ్లీ చూపిస్తే చెయ్యి అడ్డంగా ఊపాడు. చిక్కీకి తలూపాడు. ఉత్త వేయించిన శనక్కాయల దగ్గర మాత్రం చాలాసేపు ఆలోచించి, తేల్చలేక, ఒకటి నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు. ముందున్న ‘ఒ’ మర్యాదకట. మనం మనిషి పేరు వెనక ‘గారు’ తగిలిస్తే వాళ్ళు తినే వస్తువు ముందే మర్యాద పెడతారు. మగవాళ్ళు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు అది తీసేసి ‘కాషి’ అని ఊరుకుంటారట. ఫోన్లో ఆయన అలా అనడం నేను విన్నాను. ఫోటో ముందు మాత్రం ఏనాడూ ఆ ‘ఒ’ వదల్లేదు.

ఆ తెల్ల పువ్వులది ఎండు రకం. బియ్యప్పిండీ చక్కెరా తడి తగిలీ తగలనట్టు కలిపి, చెక్క అచ్చులో ఒత్తి, తట్టి తీస్తారు. నెలలు గడిచినా పాడవదు. పోయినవాళ్ళ ముందు పెట్టడానికి అందుకే పనికొస్తుంది. పెట్టేటప్పుడు దానికి ఒక మాట, దించేటప్పుడు ఇంకో మాట. దించినదాన్ని ‘ఒసగారి’ అంటారు, పైనుంచి కిందికి వచ్చినదని. అక్క గౌను చెల్లెలికి వస్తే దానికీ అదే మాటట. దించినది పారేయకూడదు, ఇంటివాళ్ళు తినాలి. ఆయనకు ఇక్కడ ఇంటివాళ్ళు లేరు. అందుకని దించిన రోజున కాగితంలో చుట్టి, రెండు చేతులతో నాకిచ్చేవాడు.

బతికున్నవాళ్ళ ఎంగిలే తినకూడదని పెంచారు మమ్మల్ని. మరి పోయినామె ముందు పెట్టింది ఎంగిలి అవుతుందా, కాదా? కడుపులో దాచుకోలేక అడిగేశాను. ఎంగిలి అనే మాటను ఆయనకు చెప్పడానికే సగం మధ్యాహ్నం పట్టింది. చివరికి అర్థమై, ఆమెకు కావలసింది ఆమె తీసుకుంటుంది, ఆకారం మనకు వదిలేస్తుంది అన్నట్టు చెప్పాడు. అంత మామూలుగా చెప్పాడు కాబట్టే నాకు ఒళ్ళు జల్లుమంది.

తిరుగు బస్సులో దాన్ని నోట్లో వేసుకునేదాన్ని. ముందు పిండిలా చప్పగా ఉండి, కాసేపటికి తీపి దిగేది. కోలారు దాటాక బస్సులో ముక్కాలు మంది నిద్రే. షిఫ్టు దిగిన పిల్లలు నిలబడి ఊగుతూ కూడా నిద్రపోతారు. అంత రద్దీలోనూ, ఒకాషి తిన్న రోజుల్లో, నా పక్క సీటు ఖాళీగా ఉండేది. నిలబడినవాళ్ళు దాని వైపు చూసేవాళ్ళు, కూర్చునేవాళ్ళు కాదు. ఒకసారి ఒక అమ్మాయిని పిలిచి కూచోమంటే, “ఎవరో ఉండారు కదక్కా” అంది. నిద్రకళ్ళతో అన్న మాటే అయుంటుంది. అయినా అప్పటి నుంచి నేను కిటికీ వైపు ఒదిగి కూర్చోవడం మొదలుపెట్టాను.

ఇదంతా ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఉన్నది మా అప్ప, అంటే మా నాన్న, ఒక్కడే. నా సంసారం సంగతి ఇక్కడ అక్కర్లేదు. అప్పటికి అమ్మ పోయి ఏడాది కావస్తోంది. మిగిలింది ఇద్దరం.

మా ఇంట్లో ఎప్పుడూ చక్కెర ఉండేది కాదు. లేమి వల్ల కాదు, అప్ప వల్ల. గనులు మూతపడేదాకా ఆయన మిల్లులో సైనైడ్ సెక్షన్‌లో పనిచేశాడు. బంగారు రాయిని పిండి చేసి తొట్లలో నానబెడితే, అందులో కలిపేది సైనైడ్. డ్రమ్ముల్లో వచ్చేది, కోడిగుడ్డంత తెల్ల ముద్దలుగా. ఆ ముద్దలతో పనిచేసిన మనిషి ఇంట్లో తెల్లగా ఉన్నదేదీ నమ్మలేదు. కాఫీలో బెల్లం. ఉప్పు మట్టిరంగు రాళ్ళుప్పు. బయటి నుంచి మిఠాయి వస్తే ఒక ముక్క గడప దగ్గర పెట్టి చీమల కోసం చూసేవాడు. చీమలు పట్టుకుపోతేనే మా నోటికి. ఆలోపు నేనూ అమ్మా గడప దగ్గర కూర్చుని చీమల్ని బతిమాలేవాళ్ళం. ఇంకో అలవాటు కూడా ఉండేది ఆయనకు. ఏ డబ్బా మూత తీసినా ముందు అమ్మ ముక్కు దగ్గర పెట్టి “చూడు” అనేవాడు. అమ్మ వాసన చూసి తలూపాకే తను ముట్టుకునేవాడు. అది వాళ్ళిద్దరి సరసం అనుకునేదాన్ని నేను.

అమ్మది నంగలి దగ్గరి పల్లె. పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామాన్లలో ఒక చెక్క అచ్చు ఉండేది, తామరపువ్వు అచ్చు. కన్నడ వాళ్ళ ఇళ్ళల్లో సంక్రాంతి పండక్కి ఎళ్ళు బెల్లంతో, అంటే నువ్వులూ బెల్లంతో, పంచే చక్కెర అచ్చులు ఉంటాయే, వాటిని పోసే అచ్చు. మేం చర్చికి పోయేవాళ్ళం కాబట్టి అమ్మ వాటిని క్రిస్మసుకు చేసేది, అదీ పక్కింట్లో, అప్ప షిఫ్టుకు పోయినప్పుడు. చక్కెర అచ్చును అమ్మ ఎప్పుడూ కొరికేది కాదు. బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ, ఒకదాన్ని సాయంత్రం దాకా సాగదీసేది. నేను కటుక్కున కొరికితే, “నీకు తినడం రాదే” అనేది.

చివరి రోజుల్లో గుండె జబ్బుతో మంచాన పడింది. నేను బస్సులో ఇంటికి వస్తుండగా పోయింది. ఇంటికి చేరేసరికి లైనంతా, గనివాళ్ళ ఇళ్ళ వరసంతా, మా వాకిట్లో ఉంది. డాక్టరు గుండె ఆగిందన్నాడు. మార్చురీ, సమాధి, పాస్టరు ప్రార్థన, అన్నీ జరగవలసినట్టే జరిగాయి. ఒక్క అప్పే జరగవలసినట్టు లేడు. సమాధి మీద మట్టి వెయ్యమంటే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆయన నన్ను తాకలేదు. నన్నే కాదు, నేను తినే దేన్నీ తాకలేదు. కుడిచేతికి పాత పంచె ముక్క చుట్టుకుని, స్పూనుతో తినేవాడు. తన గిన్నె తనే విడిగా కడుక్కునేవాడు. ఆదివారం పూట రాగిసంగటి ముద్దలు కట్టేది మా ఇంట్లో అప్పే. తడి చేత్తో ఆయన కట్టిన ముద్దకు ఒక్క పగులు ఉండదు. అది మానేశాడు. నలభై దాటిన నన్ను పాపా అని పిలిచే మనిషి, ఇప్పుడు పిలవకుండానే పని కానిచ్చుకునేవాడు. మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకు మాత్రం, మిల్లు మూసి ఏళ్ళు గడిచినా, పెరట్లో కొళాయి విప్పిన చప్పుడు వినిపించేది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాడు. నీళ్ళు అయిపోయాక కూడా ఆ చేతులు ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉండేవి. చర్మం తెల్లబడి ముడతలు పడింది. స్పూనుతో తిని మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడు, తిండి సగానికి సగం తగ్గిపోయింది. అమ్మతో పాటు అప్ప కూడా పోతున్నాడని, నేను చూస్తుండగానే పోతున్నాడని నాకు తెలుస్తోంది. అడిగితే “ఏం లేదు” అంటాడు. నాకు ఓపిక తక్కువ. ఒక్కోసారి గిన్నెలు ఎత్తేసేదాన్ని. అయినా ఏం లేదనే అంటాడు.

ఒకరోజు సారు ఊరికి వెళ్ళి తిరిగొస్తూ ఒక పెట్టె తెచ్చాడు. అట్టపెట్టెలో పల్చటి కాగితం, దాని కింద తెల్ల తామరలు. దించినవి కావు, కొత్తవి. మా అమ్మ పోయిందని మాటల్లో చెప్పి ఉన్నాను ఆయనకు. పెట్టె నా చేతుల్లో పెట్టి, తన బల్ల మీది ఫోటో వైపు చూపించి, నా వైపు చూపించి, తల వంచాడు. అంటే, మీ అమ్మకు అని.

బస్సు దిగేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. గాలి లేచింది. మా లైనుకు ఎదురుగా సైనైడ్ దిబ్బ ఉంది. బంగారం పిండుకున్నాక మిల్లు పారబోసిన ఇసుక, ఇన్నేళ్ళూ పేరుకుని కొండంత అయింది. సినిమావాళ్ళకు అది అందంగా కనిపిస్తుంది, వచ్చి పాటలు తీసుకుపోతారు. గాలి లేచినప్పుడు మా అన్నంలో పడేది వాళ్ళకు తెలియదు. కిటికీలు మూసి, పెట్టె బల్ల మీద పెట్టి, కాళ్ళు కడుక్కుని వద్దామని పెరట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అప్ప పెట్టె మూత తీసి నిలబడి ఉన్నాడు. మొహంలో రక్తం లేదు.

“ఎవురు తవ్వినారు దీన్ని?” అన్నాడు.

“ఏం తవ్వడం అప్పా? సారు ఇచ్చినాడు, జపాను నుంచి తెచ్చి.”

“ఆ అచ్చు నేను దిబ్బలో పూడ్చినాను. లోతుగా పూడ్చినాను. ఎట్ల వచ్చింది పైకి?”

అమ్మ అచ్చు కనబడటం లేదని నేను ఏడాదిగా వెతుకుతున్నాను. సామాన్లు సర్దిన చుట్టాల్లో ఎవరో కాజేశారని తీర్మానించుకుని, ఇద్దరు ముగ్గుర్ని లోపల లోపల తిట్టుకున్నాను కూడా. ఎందుకు పూడ్చావని అడిగాను. ఆయన నా మాట వినే స్థితిలో లేడు. పొయ్యి దగ్గరి పట్టుకారు తెచ్చి, పువ్వుల్లో ఒకదాన్ని ఎత్తి, ముక్క విరిచి గడప దగ్గర పెట్టాడు. కుర్చీ లాక్కుని చీమల కోసం కూర్చున్నాడు.

చీమలు రాలేదు. చలికాలం, పైగా సాయంత్రం, రాకపోవడంలో వింతేముంది అన్నాను. మర్నాడు ఎండ ఎక్కింది. గోడ వెంబడి ఎర్రచీమల బారు గడప దాకా వచ్చి, ఆ తెల్ల ముక్కకు జానెడు దూరంలో వంగి, చుట్టు తిరిగి, అవతలి వైపు పోయింది. నేను నా కళ్ళతో చూశాను. బియ్యప్పిండి కాబట్టి అనుకుందామా? బియ్యప్పిండి ముగ్గును చీమలు ఒక్క పూటలో తినేస్తాయి. మూడోనాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చేసరికి ఆ ముక్క అలాగే ఉంది, అంతే తెల్లగా. అప్ప అలాగే ఉన్నాడు. ముద్ద ముట్టలేదు.

నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, అది నా గుణం. పెట్టెలో నుంచి ఒక పువ్వు తీసి, “ఇదిగో, నేనే తింటా చూడు, చీమలు లేవు, దోమలు లేవు” అంటూ నోటి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన నా చెయ్యి మీద కొట్టాడు. పువ్వు ఎగిరి గోడకు తగిలి ముక్కలైంది. ఏడాది తరువాత మా అప్ప నన్ను తాకింది అదే. ఆ దెబ్బకు ఇద్దరం బిత్తరపోయాం. తరువాత ఆయన నా మణికట్టు పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకుపోయాడు. కొళాయి విప్పి, తన చేతి గుడ్డ పీకేసి, నా చేతిని సబ్బుతో రుద్దడం మొదలుపెట్టాడు. గోళ్ళ సందుల్లో, వేళ్ళ మధ్య, మోచేతి దాకా. చిన్నపిల్లకు కడిగినట్టు కడుగుతూ, “ఏం కాదు పాపా, ఏం కాదు, నోట్లో పెట్టుకోలే గదా” అంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. చెయ్యి వదిలించుకోలేదు.

కొళాయి పక్క బండ మీద కూర్చున్నాక చెప్పాడు.

“నేనే చేసినా పాపా. నువ్వు పనికి పోయినాక. శానా దినాలుగా అడగతా ఉన్నింది. బతుకంతా వద్దంటిని, ఇంగ ఎన్నాళ్ళుంటాది, అడిగింది పెడదామని చక్కెర తెచ్చినాను. పాకం పట్టి ఆ అచ్చులో పోసినాను. చీమలకు పెట్టి చూస్తామే అంటే, అంతసేపు నేనుంటానో లేదో అని నవ్వింది. నా చేత్తోనే నోటికి ఇచ్చినాను. సగం చప్పరించింది. ఇంగ సగం నా చేతిలోనే ఉండాది. అట్లే తల వాల్చేసింది.”

“డాక్టరు గుండె అని చెప్పినాడు గదప్పా.”

“డాక్టరు ఆమె గుండె చూసినాడు. నా చెయ్యి చూళ్ళే.”

“మిల్లు మూసి ఎన్నేండ్లయింది? ఎన్ని సబ్బులు అరగదీసినావు? ఇంగా ఉంటాదా చేతిలో?”

“ఉండాదో పోయిందో నాకెట్ల తెలుస్తాది?” అరచేతులు తిప్పి చూసుకున్నాడు. “నాకు దాని వాసన తెలీదు.”

సైనైడ్ వాసన కొందరికి తెలుస్తుంది, కొందరికి పుట్టుకతోనే తెలియదు. పనిలో చేరినరోజు మేస్త్రీ డ్రమ్ము మూత తీసి వాసన వస్తోందా అని అడిగితే, అందరూ మొహం తిప్పుకోవడం చూసి, అప్ప కూడా మొహం తిప్పుకుని వస్తోందన్నాడట. లేదంటే పని పోతుందని భయం. ఆ తరువాత అన్నేళ్ళూ తోటివాళ్ళ ముక్కులు చూస్తూ బతికాడు. వాళ్ళు గుడ్డ అడ్డం పెట్టుకుంటే తనూ పెట్టుకున్నాడు. ఇంట్లో అమ్మ ముక్కు. డబ్బా మూత తీసి “చూడు” అన్నది సరసం కాదు. ఆ సంగతి అమ్మకు తెలుసో లేదో కూడా నాకు తెలియదు. ఎప్పుడూ విసుక్కోకుండా వాసన చూసిపెట్టింది.

నేను ఇంక వాదించలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని సారు సంగతి చెప్పాను. భార్య ఫోటో, పింగాణీ పళ్ళెం, ఒకాషి, దించినది నాకు ఇవ్వడం, నేను బస్సులో తినడం. అప్ప చేతులు రుద్దుకోవడం ఆపి విన్నాడు.

“దినామూ పెడతాడా ఆమెకు?”

“పెడతాడు.”

“చేత్తోనే?”

“చేత్తో కాక?”

“ఆమెకు ఏమీ కాదా?”

“పోయినామెకు ఇంగేమవుతాది అప్పా?”

నేను ఆలోచించి అన్న మాట కాదది. ఆయన మాత్రం దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఎండ దిగి, దిబ్బ నీడ మా పెరట్లోకి వచ్చింది. లేచి మళ్ళీ ఒకసారి చేతులు కడుక్కున్నాడు. ఈసారి గుడ్డ చుట్టుకోలేదు. లోపలికి వెళ్ళి పెట్టెలో నుంచి ఒక తామరను వేళ్ళతో తీశాడు, పట్టుకారుతో కాదు. స్టీలు పళ్ళెంలో పెట్టి, అల్మారా పైనున్న అమ్మ ఫోటో ముందు ఉంచాడు.

మా సంఘంలో పోయినవాళ్ళ ముందు తిండి పెట్టకూడదు. “పాస్టరుకు చెప్పొద్దు” అన్నాడు అప్ప, ఫోటో మీది నుంచి చూపు తిప్పకుండా. తరువాత ఫోటోతో, “చీమలకు పెట్టినాను. అవి రాలే. నీ ఇష్టం ఇంగ” అన్నాడు. అది ఫోటోతో మాట్లాడినట్టు లేదు. పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టుంది. తలుపు గడియ పెట్టి, కిటికీ రెక్కలు బిగించి పడుకున్నాం. ఇద్దరం నిద్రపోయాం, అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

తెల్లారి లేచేసరికి అప్ప అల్మారా ముందు నిలబడి ఉన్నాడు. పళ్ళెం దించలేదు. నన్ను చూసి, “నువ్వు తిన్యావా?” అన్నాడు.

పళ్ళెంలో సగం పువ్వే ఉంది.

“లేదప్పా. నువ్వు?”

తల అడ్డంగా ఊపాడు. ఆ కళ్ళు చూస్తే అబద్ధం చెప్పే మనిషి కళ్ళు కావు. గడియ వేసినట్టే ఉంది. ఎలుకేమో అని పళ్ళెం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ఎలుకైతే పంటిగాట్లు ఉంటాయి, పొడి రాలుతుంది. పొడి లేదు. గాట్లు లేవు. సగం పోయిన చోట అంచు నున్నగా, కాస్త తడిగా ఉంది, బుగ్గన పెట్టుకుని చప్పరించి తీసినట్టు.

ఇది చెబితే కొందరు నవ్వుతారు, కొందరు నా వంక అదోలా చూస్తారు. చలికి తేమ పట్టి కరిగిందని అనొచ్చు. మిగతా సగానికి తేమ ఎందుకు పట్టలేదో వాళ్ళే చెప్పాలి. అప్పే నిద్రలో లేచి తిన్నాడేమో. నేనే తిన్నానేమో. నాకు తెలియదు. తెలుసుకోవాలని ఆ రోజూ అనిపించలేదు, ఇప్పుడూ లేదు.

అప్ప పళ్ళెం నా చేతిలో నుంచి తీసుకున్నాడు. “మిగిలిన సగం” అన్నాడు. “ఆ పొద్దు నా చేతిలో విడిచిపెట్టి పోయిందే, ఆ సగం. తినేసింది.” ఫోటో వైపు చూశాడు. అమ్మ అక్కడ ఎప్పటిలాగే, పెళ్ళిలో తీసిన ఫోటోలో, కెమెరాకు భయపడుతూ ఉంది. “ఏమీ కాలే” అన్నాడు. మళ్ళీ అన్నాడు, “నా చేత్తో తినింది. ఏమీ కాలే.” అని కింద కూలబడి ఏడ్చాడు. సమాధి దగ్గర కూడా ఏడవని మనిషి. నేను పక్కన కూర్చున్నాను.

ఏడుపు తగ్గాక మొహం తుడుచుకుని, “దించింది ఇంట్లోవాళ్ళు తినాలన్నావు గదా” అన్నాడు. ఉన్న సగాన్ని వేళ్ళతో రెండుగా విరిచాడు. గడప దగ్గర పాత ముక్క ఇంకా అలాగే ఉంది, దాని చుట్టూ చీమల బారు అదే వంపు తిరుగుతోంది.

“చీమలు ఇంగా రాలేదప్పా” అన్నాను.

“చీమల మాట ఇంగెందుకు. నోరు తెరు.”

ఆయన వేళ్ళు నా పెదాలకు తగిలాయి. సబ్బు వాసన. ఆదివారం అంత ధైర్యంగా తింటానన్నదాన్ని, ఆ క్షణంలో నాకు నిజంగా భయం వేసింది. నాలుక మీద ముందు చప్పగా, పిండిలాగా ఉంది. ఆయన నా మొహంలోకి చూస్తూ, వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. ఆ చెయ్యి ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది. కొరకలేదు నేను. అమ్మ చెప్పినట్టు చప్పరించాను. మెల్లగా తీపి దిగింది.

“తీపిగా ఉండాదా?”

“ఉండాది.”

అప్పుడు తన ముక్క నోట్లో వేసుకున్నాడు. పళ్ళు లేని నోటితో చప్పరిస్తూ గోడకు ఆనుకున్నాడు. కాసేపటికి, “బస్సు పోతాది, బేగ లేయి పాపా” అన్నాడు. నేను స్నానం చేసి వచ్చేలోపు పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, అప్ప రాగిపిండి డబ్బా మూత తీస్తున్నాడు. అలవాటుగా డబ్బాను పక్కకు చాచాడు, అమ్మ ముక్కుండే ఎత్తుకు. అక్కడ ఎవరూ లేరు. కాసేపు అలాగే పట్టుకుని, తలూపి, పిండి పోశాడు.

ఆ మధ్యాహ్నం సారు గదిలో పళ్ళెం తుడిచి పెట్టాక, గెస్ట్ హౌసు వెనక మెట్ల మీద కూర్చుని క్యారియరు మూత తీశాను. సంగటి ముద్ద. ఏడాదిగా చేత్తో కట్టలేదేమో, పైన చిన్న పగులుంది. పక్కన ఆయన వేళ్ళ గుర్తులు. ఆ గుర్తుల్లోనే నా వేళ్ళు పెట్టి ముద్ద విరిచాను.